రోడ్డుకు పొలం మనది, రోడ్డు పక్క కొట్టు ఎవరిది?

ఈ పోస్టు కొంచెం పొడుగ్గానే ఉంటది, ఓపిగ్గా చదవండి. రోడ్డు సర్వే పొలంలోకి వచ్చినోళ్లు, రాబోయేవాళ్లు మాత్రం తప్పకుండా చదవండి.

మొన్న మా అల్లుడి కార్లో విజయవాడ పోయొస్తూ ఆరు వరసల రోడ్డు పక్కన ఒక పెద్ద హోటల్ దగ్గర ఆగాం. బంకు, పిల్లలు ఆడుకునే చోటు, ఏసీ గదులు అన్నీ ఉన్నాయి. అక్కడ అలమారాలో కారం పొట్లం చూశా. పైన "గుంటూరు కారం" అని రాసుంది. తిప్పి చూస్తే ప్యాక్ చేసింది వేరే రాష్ట్రంలో. దాని ధరకీ, మనం యార్డులో టిక్కీలు దించి అమ్మిన ధరకీ ఎంత తేడానో మీకు చెప్పక్కర్లేదు. "మా ఊరి ఆడోళ్లు పట్టించిన కారం తెచ్చిస్తాం, పెట్టుకుంటారా బాబూ" అని అడిగా. "పైనుంచి వచ్చిందే అమ్మాలండీ" అన్నాడు ఆ కుర్రాడు. అతని తప్పేం లేదు. తప్పు మనది. ఎందుకో చెప్తా.

ఇంగ్లండులో ఉత్తరాన కంబ్రియా అని కొండ ప్రాంతం. గొర్రెలు, పశువులు మేపుకునే రైతులు. 1970 ప్రాంతంలో ఎం-6 అనే పెద్ద రోడ్డు ఆ కొండల్లో నుంచి వేశారు. టీబే అనే ఊరి దగ్గర జాన్ డన్నింగ్, బార్బరా డన్నింగ్ అనే రైతు దంపతుల పొలాన్ని అది చీల్చుకుంటూ పోయింది. అట్లాంటి రోడ్డు మీద ఎక్కడపడితే అక్కడ బండి ఆపకూడదు, పక్కన టీ బంకు పెట్టకూడదు. అందుకని 1959లో ఎం-1 రోడ్డు తెరిచినప్పటి నుంచే అక్కడ సర్వీస్ స్టేషన్లు మొదలయ్యాయి. చాలావరకు కంపెనీల చేతికే పోయాయి.

టీబే దగ్గర మాత్రం ఈ భార్యాభర్తలు "ఇక్కడ మేమే పెడతాం" అని ముందుకొచ్చారు. దగ్గర్లోని బేకరీ కుటుంబాన్ని కలుపుకొని 1972లో 30 మంది కూర్చునే చిన్న హోటల్ తెరిచారు. 1993లో రోడ్డుకు అవతలి పక్క కూడా వచ్చింది. 2003లో రైతు కొట్టు పెట్టి తమ పొలం మాంసం, చుట్టుపక్కల రైతుల సరుకు అమ్మడం మొదలెట్టారు. 2014లో గ్లోస్టర్ దగ్గర ఎం-5 రోడ్డు మీద ఇంకోటి తెరిచారు. ఇప్పటికీ ఆ కుటుంబం చేతిలోనే ఉంది. రోడ్డు పొలం తీసుకుంటే, వాళ్లు ఆ రోడ్డు మీద పోయే జనాన్ని గిరాకీ చేసుకున్నారు.

ఇక మన సంగతి. పాత రోడ్ల మీద పొలం పోయినా గట్టున పాక వేసుకుని మజ్జిగో, ఉడకబెట్టిన వేరుశనగ కాయలో అమ్ముకునేవాళ్లం. కొత్తగా వేసే పెద్ద రోడ్లకు రెండు పక్కలా కంచె. దిగే దారులు దూరదూరంగా ఉంటాయి. మన ఊరి పక్కనే పోయే బండి మన ఊళ్లో ఆగదు. అది ఆగే చోటు ఒక్కటే, ఆ సర్వీస్ స్టేషన్. 2021లో హైవేస్ అథారిటీ వాళ్లు 600కు పైగా చోట్ల ఇలాంటివి కడతామనీ, 30 నుంచి 50 కిలోమీటర్లకు ఒకటి ఉంటదనీ చెప్పారు. అందులో పల్లె సంత కూడా ఉంటదన్నారు. కాగితం మీద మనకు చోటుంది. కానీ టెండరు పిలిచినప్పుడు పాడుకునేది డబ్బున్నోడే. సంతకు ఒక మూల ఇస్తాడో లేదో అడిగే నాథుడు ఉండడు.

చీరాల నుంచి చిలకలూరిపేట, నరసరావుపేట మీదుగా వచ్చే 167ఏ రోడ్డుకి పొలాలిచ్చాం. ఇప్పుడు అమరావతి ఔటర్ రింగు రోడ్డు వస్తోంది. సుమారు 190 కిలోమీటర్లు, ఐదు జిల్లాలు, అందులో మన పల్నాడూ ఉంది. మళ్లీ గ్రామసభలు పెడతారు. మనం ఏం చేస్తాం? సెంటుకు ఎంత అని అరుస్తాం. అరవాల్సిందే, రేటు మన హక్కు. కానీ ఆ డబ్బు పిల్ల పెళ్లికి, కారుకి, పాత బాకీలకి పోతది. నాలుగేళ్లకు డబ్బూ ఉండదు, పొలమూ ఉండదు. రోడ్డు మాత్రం ఉంటది, దాని మీద రాబడీ ఉంటది, ఇంకొకడికి.

"ఏందయ్యా, వాళ్లు దొరల దేశపోళ్లు, మనకు ఎకరం, అరెకరం" అంటారు. నిజమే. అందుకే ఒక్కడి వల్ల కాదు అంటున్నా. "మన సొసైటీలు ఎట్లా మునిగాయో చూడలా?" అంటారు. చూశా. నా వాటా డబ్బు కూడా ఒకదాంట్లో మునిగింది. లెక్కలు అడగకుండా సంతకాలు పెట్టినోళ్లలో నేనూ ఒకణ్ణి. ఈసారి ప్రతి నెలా లెక్క గోడ మీద రాయిద్దాం.

నేను చెప్పేది మూడే మాటలు. ఒకటి, గ్రామసభలో రేటుతో పాటు ఈ అర్జీ కూడా ఇవ్వండి: మా పక్కన సర్వీస్ స్టేషన్ ఎక్కడ వస్తది, పొలం పోయినోళ్ల సంఘానికి అందులో కొన్ని కొట్లు రాసివ్వండి. రెండు, పాడుకున్నవాడు చుట్టుపక్కల సరుకు కూడా అమ్మాలని లీజు కాగితంలోనే షరతు పెట్టమనండి. నోటి మాట నమ్మొద్దు. మూడు, రాళ్లు పాతకముందే సంఘం కట్టండి. కారం, కందిపప్పు, నెయ్యి, ఊరగాయ ఏదైనా సరే, లైసెన్సు తీసుకుని పేరు పెట్టి అమ్మడం ఇప్పటినుంచే నేర్చుకోండి. రోడ్డు పడ్డాక అడిగితే "పైనుంచి వచ్చిందే అమ్మాలి" అంటారు.

పూర్వం సత్రాలకు మాన్యం పొలాలు ఉండేవి. బాటసారి తిన్న ముద్ద ఆ ఊరి పొలం నుంచే వచ్చేది. ఇప్పుడు పొలం మనదే, ముద్ద మాత్రం ఎక్కడిదో.

మీ ఊళ్లో సర్వే మొదలైతే ఊరి పేరు కింద రాయండి. అర్జీ నమూనా నేను రాసి పెడతా, కలిసి ఇద్దాం.