చెదరిన చెక్కలు

తండ్రి గతించిన పిదప అన్నదమ్ములు పొలము పంచుకొనునపుడు, కాలువ దాపున నున్న పల్లపు మడి యొకరికిని ఎగువ మెట్ట వేఱొకరికిని పోవుట అన్యాయమని తలచి, ప్రతి చెక్కను నిలువునా చీల్చుకొందురు. మన కమతములు తునకలగుటకు దురాశకంటె ఈ న్యాయబుద్ధియే ఎక్కువ కారణము. రెండు మూడు తరములు గడచునప్పటికి అరక త్రిప్పుటకు చాలని మడులును, పొరుగువాని గట్టు త్రొక్కక చేరరాని చెక్కలును మిగులును.

ఈ చిక్కును విప్పుటలో పంజాబు రైతులు చేసిన కృషి మనము శ్రద్ధతో పరిశీలింపదగినది. 1920 దరిదాపుల నుండి అచ్చటి గ్రామములలో సహకార సంఘములు వెలసి, నేలలను తరగతులుగా నిర్ణయించి, వెలకట్టి, ఎవరి చెక్కలకు సరియగు విలువగల భూమిని వారికి ఒకటి రెండు చోట్ల కూర్చి ఇచ్చుచుండెను. ఒక్కడు కాదనినచో నెలల శ్రమ వ్యర్థమగుచుండుటచేత, 1928లో మధ్యపరగణాలయందును, 1936లో పంజాబునందును, అధికసంఖ్యాకుల సమ్మతితో మిగిలినవారిని కట్టుపఱచు చట్టములు వచ్చినవి; 1948 నాటి తూర్పు పంజాబు చట్టముతో ప్రభుత్వమే పూనుకొనెను. భూమి ఒక్కచోటికి చేరిన పిమ్మటనే బావియు, తరువాత గొట్టపుబావియు గిట్టుబాటయ్యెను. పదిచోట్ల పదేసి సెంట్లున్నవాడు ఏ చెక్కలో బావి త్రవ్వించును? గోధుమ దిగుబడులు పెరుగుటకు మేలురకపు విత్తనములనే కారణముగా చెప్పువారు ఈ సంగతిని తగినంతగా గుర్తించుట లేదని నా అభిప్రాయము.

అయినను భూమిని ఒక్కచోటికి చేర్చుట ఎల్లవేళల పేదకు మేలు చేయలేదు. పదునెనిమిదవ, పందొమ్మిదవ శతాబ్దులలో ఇంగ్లండునందు పార్లమెంటు శాసనములతో పొలములకు కంచెలు వేయగా, ఉమ్మడి బీళ్లలో పశువులను మేపుకొను పేదలనేకులు ఆ హక్కును కోల్పోయి కూలికి పోవలసివచ్చెను.

హైదరాబాదు రాష్ట్రమునకు 1956లోనే కమతముల ఏకీకరణ చట్టము వచ్చినను, మన పల్లెలలో ఆ పని పంజాబువలె సాగలేదు. ఇకనైన తలపెట్టుదురేని, మన డెల్టాలలో దున్నువాడు పెక్కుచోట్ల కౌలుదారుడని మఱవరాదు. పట్టాదారుల సమ్మతి మాత్రమే గైకొని చెక్కలు మార్చినచో వాని సాగు ఒక్క కలపుగీటుతో పోవును. కావున పట్టాదారుల జాబితాతోపాటు సాగుదారుల జాబితాను గూడ గ్రామసభలో చదివించి, మారిన భూమిలో వారి కౌలు కొనసాగునట్లు షరతు వ్రాయింపవలెను; ఆ షరతు లేని పథకమునకు వ్రేలిముద్ర వేయవలదని రైతుసోదరులను వేడుచున్నాను.