చిన్న ప్రసారయంత్రము

రేడియో ప్రసారమనగానే ఎత్తైన స్తంభములును, వేలకొలది వాట్ల శక్తియు మనకు స్ఫురించును. క్రొత్తగా ప్రసారయంత్రమును నిర్మింపగోరు విద్యార్థియు మొట్టమొదట "శక్తి యెంత?" అనియే అడుగును. ఆ ప్రశ్నతో ప్రారంభించుట సరికాదని నా అభిప్రాయము. వాటులో ఐదవవంతు శక్తితో సముద్రములను దాటిన సంకేతములు కలవు.

అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు జోసెఫ్ టేలర్ 1974లో రస్సెల్ హల్స్‌తో కలిసి జంటనక్షత్ర వ్యవస్థలోని పల్సారును కనుగొనెను. అందులకు వారిరువురికిని 1993లో నోబెల్ బహుమానము లభించెను. ఆకాశమునుండి వచ్చు క్షీణసంకేతములను వెదకిన ఆయనయే 2008లో 'విస్పర్' అను రేడియో పద్ధతిని రూపొందించెను. ఆ పేరు పలికిన గుసగుస యను అర్థము వచ్చును. ఇందు పంపువాని గుర్తు, స్థానము, శక్తి మాత్రమే ఉండును. వానిని అంకెలుగా మార్చి, నాలుగు స్వరములతో, ఇంచుమించు 110 సెకనులు మెల్లగా పంపుదురు. తొందర లేకపోవుటయే దాని బలము. చెవికి వినబడని ఆ సంకేతమును దూరమందలి కంప్యూటరు ఏరుకొనును.

యంత్రము సులభమే. ఆర్డ్వినో పలక యొకటి, తరంగములను పుట్టించు చిన్న చిప్పు ఒకటి, సరిగా నడచు గడియారము కావలెను. సరిసంఖ్య గల నిమిషము మొదలుకాగానే ప్రసారమును ఆరంభింపవలెను.

అయితే ఆ చిప్పునుండి వెలువడునది చదరపు తరంగము. 14 మెగాహెర్ట్జులలో పంపినచో, దానికి మూడురెట్లయిన 42లోను కొంత శక్తి వెలువడును. దాని నాపునది తీగచుట్టలతోను, కెపాసిటర్లతోను చేసిన వడపోత. వెల స్వల్పమే. కాని అది లేకున్నను యంత్రము పనిచేయును గనుక తొందరపాటువారు దానిని విడిచివేయుదురు. ఇంత తక్కువ శక్తివలన ఎవరికి హాని యని వాదింతురు. ఈ వాదము నాకు సమ్మతము కాదు. తన గుసగుస ఖండాంతరములకు పోవునని గర్వించువాడు, తన దోషము పొరుగింటికైనను పోదని ఎట్లు చెప్పగలడు?

మన దేశమున పరీక్షలో ఉత్తీర్ణులై అనుమతిపత్రము పొందినవారే ఇట్టి యంత్రమును నడుపవలెను. బాలురు వారియొద్ద కూర్చుండి నేర్చుకొనవచ్చును. వారును వెంటనే ఏరియల్ తగిలింపక, దానికి మారుగా 50 ఓముల నిరోధకమును కలిపి, ప్రక్కనే గ్రాహకము నుంచి, మొదట 14లోను, పిమ్మట 42లోను వెదకి చూడవలెను.