విమానవిద్య నేర్వగోరు కుమార్తెలు

అమ్మాయి విమానము నడుపుట నేర్చుకొందునని పట్టుపట్టుచున్నది, పంపవచ్చునా యని తల్లు లడుగుట యిపుడు వింత కాదు. ఆకాశమున నేదైన తప్పినచో బిడ్డగతి యేమని వారి భయము. దానిని మేము పరిహసింపము. కాని యా విద్యలో నేర్పున దేమో తెలిసికొన్న పిదపనే నిశ్చయించుట మంచిదని మా మనవి.

విమానమును ఇంజను ముందునకు నడుపును. గాలిలో నిలుపునది మాత్రము రెక్క. ముక్కును మితిమీరి పైకెత్తి, రెక్కకును ఎదురుగాలికిని నడుమనున్న కోణము సామాన్యముగా 15 డిగ్రీల ప్రాంతమును దాటినచో, రెక్కమీది గాలి చెదరి, పైకెత్తు బలము తగ్గిపోవును. దీనిని వైమానికులు 'స్టాల్' అందురు. ఇంజను చక్కగా తిరుగుచున్నను విమానము దిగజారును.

మూకుడులో నూనె యంటుకొన్నపుడు చేయి నీళ్లచెంబు మీదికి పోవును. నీళ్లు పోసితిమా, మంట యింటి కెగయును. పొయ్యి యార్పి మూత పెట్టవలెనని తెలిసిన గృహిణియే యిల్లు కాపాడును. స్టాల్ నందును అంతే. క్రిందికి పడుచుండగా చేయి కర్రను వెనుకకు లాగి ముక్కును పైకెత్తజూచును. చేయవలసినది ముక్కును క్రిందికి వంచుట. రెక్కకు గాలి కుదిరి వేగము వచ్చిన పిదప మెల్లగా పైకి లేవవలెను. భూమి యెదురుగా కనబడుచుండగా నిట్లు చేయుట సులభము కాదు. అందుచేతనే గురువు తోడుగా కూర్చుండి, చాల ఎత్తునకు కొనిపోయి, కావలెననియే విమానమును స్టాల్‌లో పెట్టించి, శిష్యురాలిచేత మరల మరల సరిచేయించును.

ఈ పాఠము మరచినచో నేమగునో 2009 జూన్ 1 న లోకమునకు తెలిసినది. రియో డి జనీరో నుండి పారిసునకు పోవుచున్న ఎయిర్ ఫ్రాన్స్ విమానమున వేగమును కొలుచు గొట్టములు మంచుచే కొంతసేపు మూసికొనిపోయెను. నడుపువారు కలవరపడి ముక్కును పైకెత్తిరి. స్టాలైన పిదపను దానిని తగినట్లు వంచరైరి. ఇంజనులు పనిచేయుచుండగనే విమానము అట్లాంటిక్ సముద్రమున కూలి 228 మంది మరణించిరి. అంత ఎత్తున, అట్టి స్థితిలో, చేతితో నడుపుటకు వారికి శిక్షణ చాలలేదని 2012 నాటి విచారణ నివేదికలో తేలినది. అటుపిమ్మట అనేక దేశములలో, భూమిమీదనే యుండి విమానమువలె కదలు సిమ్యులేటరులందు, పెద్ద విమానముల పైలట్లకు ఈ యభ్యాసమును విధిగా చేయించుచున్నారు.

స్త్రీలకు ఇది సాధ్యమా యను సందేహ మక్కరలేదు. 1936 లో లాహోరున సరళా తక్రాల్, చిన్నబిడ్డ తల్లియై యుండియు, చీర కట్టుకొని జిప్సీమాత్ విమానమును ఒంటరిగా నడిపెను. మన హైదరాబాదు చెంత దుండిగల్ వైమానికదళ అకాడమీలో 2016 జూన్ 18 న అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ అనువారు భారతదేశమున మొదటి స్త్రీ యుద్ధవిమాన పైలట్లుగా పట్టములు పొందిరి.

కావున తల్లులకు మే మిచ్చు సలహా యిది. మన దేశమున వృత్తి పైలట్ లైసెన్సునకు కనీసము 200 గంటలు విమానము నడిపియుండవలెను. రుసుము వేలతో పోవునది కాదు, లక్షలతో ముడిపడినది. రుసుమెంత యని యడుగుటతో నూరకుండరాదు. గురువుల యనుభవమెంత, విమానముల నెట్లు పరీక్షింతురు, స్టాల్ పాఠమును గంటలు నింపుటకు చెప్పుదురా, చేయి కుదురువరకు చెప్పుదురా యని యడుగవలెను. తిన్నగా బదులు చెప్పని పాఠశాలను విడిచి మరియొక దానిని వెదకుడు. బిడ్డకు భయము కలుగకుండునని మేము చెప్పజాలము. భయము కలిగినపుడు చేయి చేయవలసిన పనినే చేయునట్లు నేర్పించు చోటికే ఆమెను పంపుడని చెప్పుచున్నాము.