అమాస పోయేదాకా విరిగిన తుంటి ఆగదు

పోయిన కార్తీకంలో మా అత్త బచ్చలింట్లో జారిపడింది. ఎడమకాలు పొట్టిదై, పాదం పక్కకు తిరిగింది. అనంతపురం తీసుకుపోతే ఎక్స్‌రే చూసి, "తుంటి విరిగింది, రేపే ఆపరేషన్ చేద్దాం" అన్నాడు డాక్టరు. మావాళ్లు ఆయమ్మను తిరిగి ఇంటికి తెచ్చి పడుకోబెట్టారు.

"బెంగళూరు నుంచి పెద్దోడు రావాల. అమాస పోవాల. అయినా ఎనభై ఏండ్ల ముసల్దానికి ఆపరేషనేంటికి?"

ఆమెనెవరూ అడగలేదు. నేనూ నోరు మెదపలేదు. ఆడది నోరు విప్పాలని బీఏ పరీక్షల్లో పేజీలు నింపినదాన్నే!

ఆరో రోజుకు కాలు వాచి బిగిసింది. తొడ సిరలో రక్తం గడ్డకట్టిందని డాప్లర్ పరీక్షలో తేలింది. అక్కడే ఇరుక్కున్నాం. గడ్డకు రక్తం పలచబడే మందు కావాలి, ఆపరేషన్‌కు ముందు ఆ మందు ఆపాలి. ఆపితే గడ్డ ఊపిరితిత్తులకు పోతుందేమోనని భయం, ఆపకపోతే రక్తస్రావం భయం. పన్నెండో రోజుకు గానీ ఆపరేషన్ కాలేదు. ఆయమ్మ బతికింది, నడక మాత్రం రాలేదు.

ఆపరేషన్‌లో ఏమవుతుందోనని అందరం భయపడతాం. పడుకోబెడితే ఏమవుతుందో ఎవరూ లెక్కెయ్యరు. కదలని కాలిలో రక్తం నిలుస్తుంది, విరిగిన గాయం దాన్ని ఇంకా గడ్డకట్టిస్తుంది. పైన వీపు పుండ్లు, నిమోనియా.

గంటల లెక్కన కంగారు పడమనను. 2020లో 17 దేశాల్లో దాదాపు 3,000 మందిపై చేసిన పరిశోధన వెలువడింది. ఆరు గంటల్లో చేసినా, ఒక రోజుకు చేసినా మరణాల్లో పెద్ద తేడా లేదట. తొందరగా చేసినవాళ్లు మాత్రం తొందరగా లేచారు. గుండె జబ్బో, పలచబడే మందు వాడకమో ఉంటే డాక్టరే ఆగమంటాడు. అది వైద్యం కోసం ఆగడం. మేము ఆగింది పెద్దోడి కోసం, అమాస కోసం.

బోరు మోటారు కాలిపోతే ఆ రాత్రే మెకానిక్కును నిద్రలేపి తెస్తామే! తల్లి తుంటికి ముహూర్తమా?

అక్కల్లారా, మీ ఇంట్లో ఎవరైనా ఇట్లా పడితే వెంటనే ఆసుపత్రిలో చేర్చండి. వైద్యసేవ వర్తిస్తుందా, ఆపరేషన్ ఎప్పుడు, ఆలస్యమైతే ఎందుకు, గడ్డకట్టకుండా ఏం చేస్తున్నారు? మొదటి రోజే అడగండి. పడిన మనిషినీ అడగండి.

వాన కోసం ఎదురుచూడక ఈ సీమలో మనకు తప్పదు. సంతకం కోసం మనిషిని పడుకోబెట్టడం మాత్రం మనం చేసుకున్న పాపమే.