కొత్త రాజ్యాంగం రాసే కాడ మన వాడకు చోటుందా?



2022 ఫిబ్రవరి 1న అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావు దేశానికి కొత్త రాజ్యాంగం కావాలన్నాడు. రాష్ట్రాల హక్కుల్ని కేంద్రం గుంజుకుంటోందని ఆయన వాదన. దళిత సంఘాలు రోడ్డెక్కాయి. 2023 ఆగస్టులో ప్రధాని ఆర్థిక సలహా మండలి అధ్యక్షుడు బిబేక్ దేబ్రాయ్ ఇంగ్లీషు పత్రికలో అదే మాట రాశాడు. అది ఆయన సొంత అభిప్రాయమని మండలి చేతులు దులుపుకుంది. ఒకడు ఢిల్లీని తిట్టేవాడు, ఇంకొకడు ఢిల్లీలో కొలువున్నవాడు. మాట మాత్రం ఒక్కటే!

ఏమి మారుస్తారని కాదు, ఎవరు కూర్చుని రాస్తారని అడగండి.

అమెరికాలో 50 రాష్ట్రాల్లో 34 శాసనసభలు అడిగితే రాజ్యాంగాన్ని సవరించేందుకు జాతీయ సభ పెట్టాల. ఆ దారిన ఇంతవరకూ ఒక్క సభా జరగలేదు. అసలు రాజ్యాంగం రాసింది 1787లో ఫిలడెల్ఫియా సభ. అక్కడ ఒక్క నల్లవాడు లేడు. అందుకే సీట్లు పంచుకునేటప్పుడు బానిసను ఐదింట మూడొంతుల మనిషిగా లెక్క కట్టినారు. మనం లేని కాడ మన లెక్క అట్లే ఉంటుంది.

మన దేశంలో ఆ దారి లేదు. 368వ అధికరణం ప్రకారం సవరణ బిల్లు పార్లమెంటులోనే పుట్టాల. అసెంబ్లీ తీర్మానం చేసి పంపగలదు, అంతే. పార్లమెంటు కూడా రాజ్యాంగ మూలస్వరూపాన్ని చెరపరాదని 1973లో కేశవానంద భారతి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కొత్త రాజ్యాంగమంటే ఆ కట్టకు గండి కొట్టడమే. కట్ట తెగితే ముందు మునిగేది ఎవరి గుడిసె?

1946లో రాజ్యాంగ సభకు బాబాసాహెబ్‌కు బొంబాయిలో తలుపులు మూసినారు. జోగేంద్రనాథ్ మండల్ అండతో బెంగాల్ నుంచి పోయినాడు. ఆ సభలో దళిత స్త్రీ దాక్షాయణి వేలాయుధన్ ఒక్కతే. అంతటి మనిషికే అంత కష్టమైతే, ఈ పొద్దు మన వాడ నుంచి ఎవర్ని రానిస్తారు? శింగనమల, మడకశిర రిజర్వు సీట్లే గదా, అక్కడైనా టికెట్టు ఇచ్చేదెవరు? గెలిచినోడు ఎవరి మాట వినాల?

సవరణలే వద్దని మనం అనడంలా. 1951లో మొదటి సవరణ వల్లే చదువుల్లో మన రిజర్వేషన్ నిలబడింది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటోణ్ణి నేను. ఆ విలువ నాకు తెలుసు. ఒక గోడ బాగు చేయడం వేరు, ఇల్లే కూల్చడం వేరు.

రాజ్యాంగం అడ్డమంటున్నారే, భూమి రాష్ట్రం చేతిలోదే కదా? అసైన్డ్ భూములు చేతులు మారకూడదని 1977లోనే చట్టం చేసినారు. పట్టా మాల మాదిగల పేర, సేను ఇంకొకరి బోరు కింద ఎట్లుంది? 17వ అధికరణం 1950లోనే అంటరానితనాన్ని రద్దు చేసింది. గుడి గడప కాడ అది ఎందుకు ఆగింది? ఉన్నదాన్ని అమలు చేయనోడు కొత్తది రాస్తానంటే నమ్మాల్నా?

ఓట్లకొచ్చే ప్రతి నాయకుణ్ణీ నిలదీయండి: కొత్త రాజ్యాంగ సభలో మావాళ్లు ఎంతమంది? ఎవరి ఓటుతో? జవాబు వచ్చేదాకా ఉన్న రాజ్యాంగంలో ఒక్క అక్షరం కూడా వదులుకోం.

జై భీమ్!