‘నువ్వెవరు అడగడానికి?’

‘అన్నా, సాఫ్ట్‌వేర్ లైసెన్సుల గొడవ మనకెందుకు?’ అని అడిగే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఈ పోస్టు. మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనులో నడిచేది లైనక్స్. హాస్టల్ వైఫై రౌటర్లో కూడా చాలావరకు అదే. దాని లైసెన్సు జీపీఎల్. వాడుకో, మార్చుకో, అమ్ముకో, కానీ సోర్స్ కోడ్ కూడా ఇవ్వు అన్నది షరతు. కంపెనీలు మొదటి మూడూ గుర్తుపెట్టుకుని నాలుగోది మర్చిపోతాయి.

మర్చిపోతే అడిగేదెవరు? జర్మనీలో క్రిస్టాఫ్ హెల్విగ్ అనే లైనక్స్ డెవలపర్ 2015లో వీఎమ్‌వేర్ మీద హాంబర్గ్ కోర్టుకెళ్లాడు. 2016లో కేసు కొట్టేశారు, 2019లో అప్పీలూ పోయింది. ఉల్లంఘన జరిగిందా లేదా అన్నదాకా కోర్టు వెళ్లనే లేదు. వేలమంది రాసిన దాంట్లో నీ సొంత భాగమేది, అది వాళ్ల ప్రోడక్టులో ఎక్కడుంది, సరిగ్గా రుజువు చెయ్యలేదన్నారు. ఊరంతా కలిసి తవ్విన చెరువులో నువ్వు మోసిన తట్ట మన్ను చూపించమన్నట్టు!

అందుకే 2021 అక్టోబరులో అమెరికాలో పడిన కేసు నాకు ముఖ్యం. సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్జర్వెన్సీ అనే సంస్థ విజియో టీవీలు కొని, కొన్నవాళ్లుగా కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీ కోర్టుకెళ్లింది. నష్టపరిహారం అడగలేదు, సోర్స్ కోడ్ అడిగింది. కోడ్ రాసినవాళ్లు కాకుండా మీరెవరు అన్నది విజియో వాదన. ఇది కాపీరైట్ వ్యవహారమంటూ కేసును ఫెడరల్ కోర్టుకు లాక్కెళ్లింది. 2022 మేలో అక్కడి జడ్జి, ఇందులో కాంట్రాక్టు హక్కు విడిగా ఉందని వెనక్కి పంపారు. విచారణ లేకుండానే తేల్చెయ్యమన్న విజియో అభ్యర్థన కూడా 2023 డిసెంబరులో వీగిపోయింది.

‘నువ్వెవరు?’ అన్న మాట మనకు కొత్తా? అంబేడ్కర్ 32వ అధికరణాన్ని రాజ్యాంగానికి ఆత్మ, గుండెకాయ అన్నది ఊరికే కాదు. అట్రాసిటీ చట్టం 1989లో వచ్చింది. బెయిలు విచారణలో బాధితుల మాట వినాలన్న సెక్షన్ 15ఏ కోసం 2015 సవరణ దాకా ఆగాల్సొచ్చింది. (టీవీ కోడ్‌నూ అట్రాసిటీనీ ఒకే తక్కెడలో పెట్టట్లేదు. తలుపు ఎవరికి తీస్తారన్న ప్రశ్న ఒకటే అంటున్నా.)

అందరికీ తలుపు తీస్తే వసూలు రాయుళ్లు పుడతారంటారు. ఆ భయం ఉత్తది కాదు. లైసెన్సు పేరుతో కంపెనీల దగ్గర డబ్బు గుంజుతున్నాడన్న ఆరోపణలతో నెట్‌ఫిల్టర్ బృందం 2016లో తమ సభ్యుణ్ణే సస్పెండ్ చేసింది. కానీ ఆయన కోడ్ రాసినవాడే, కాపీరైట్ ఉన్నవాడే కదా! కొన్నవాడు అడిగేది కోడ్. అది ఇచ్చేస్తే ఇక బేరానికేముంది?

లా చదివేవాళ్లకు ఒక పని. మన దగ్గర కాంట్రాక్టులో పక్షం కానివాళ్లు దాని మీద దావా వెయ్యలేరన్నది సాధారణ సూత్రం. ఎం.సి. చాకో కేసులో సుప్రీంకోర్టు అదే చెప్పింది, మినహాయింపులూ చెప్పింది. రౌటర్ కొన్న విద్యార్థి ఆ మినహాయింపుల్లో ఇముడుతుందా? లేక 2019 వినియోగదారుల చట్టం దారి పట్టాలా? నాకైతే రెండోదే దగ్గరి దారి అనిపిస్తోంది. చదివి వాదించండి.

జై భీమ్.