ఒంటబట్టని అన్నము, అలసిన గ్రంథి

తిన్నది ఒంటబట్టుట లేదని, కడుపు ఉబ్బరముగా నున్నదని, విరేచనము సాఫీగా కాకున్నదని మన యిండ్లలో తరచుగా వినుచుందుము. వీనికి వాము కషాయమో, త్రిఫల చూర్ణమో, మందుల దుకాణమున అడిగి తెచ్చుకొన్న గ్యాసు మాత్రయో వాడి, తాత్కాలికోపశమనముతో తృప్తి చెందువారే యెక్కువ. ఉదరబాధకు మూలము కంఠమునందుండవచ్చునను తలంపు రోగికి రాకపోవుట సహజము; వైద్యునకును రాకపోవుట శోచనీయము.

కంఠమునకు ముందువైపున సీతాకోకచిలుక యాకృతిలో నుండు థైరాయిడ్ గ్రంథి స్రవించు హార్మోను, శరీరమందలి జీవకణముల పనివేగమును నియమించుచున్నది. ఆ స్రావము క్షీణించినప్పుడు, సెగ తగ్గిన పొయ్యిమీది యెసరువలె, జీర్ణక్రియ యంతయు మందగించును. జీర్ణాశయము ఆలస్యముగా ఖాళీ యగును; ప్రేగుల కదలిక తగ్గి మలబద్ధకము పట్టుకొనును; పిత్తాశయము చక్కగా సంకోచింపక, అందు రాళ్లేర్పడు అవకాశము హెచ్చును. ఆకలి తగ్గినను బరువు పెరుగుటచేత, రోగియైన స్త్రీ అతిగా తినుచున్నదని ఇంటివారు నిందించుటయు, ఆమె తినుచున్న కొంచెమును మానుకొనుటయు తరచుగా జరుగుచున్నవి. స్త్రీ యనుటకు కారణము గలదు: థైరాయిడ్ లోపమను ఈ వ్యాధి పురుషులకంటె స్త్రీలయందే పలురెట్లధికము.

అంతకంటె గూఢమైన నష్టము పోషకముల విషయమున కలుగుచున్నది. అయొడిన్ లోపము లేని ప్రాంతములలో ఈ వ్యాధికి ముఖ్యకారణము, 1912లో జపాను వైద్యుడు హకారు హషిమోటో వర్ణించిన రుగ్మత. అనగా దేహరక్షణ వ్యవస్థ తన గ్రంథిపైననే దాడి చేయుట. అట్టివారిలో కొందరికి ఆ దాడి జీర్ణాశయమునకును వ్యాపించి, ఆమ్లమును, బి12 విటమిను నింకించుకొనుటకు తోడ్పడు మాంసకృత్తును పుట్టించు కణములను నశింపజేయును. ఆమ్లము తగ్గినచో ఆహారమందలి ఇనుము సరిగా నింకదు. దీనికి తోడు, థైరాయిడ్ లోపమువలన ఋతుస్రావ మధికమైన స్త్రీకి రక్తనష్టము మరింత ఇనుమును హరించును. ఇంతటితో ముగియదు: థైరాయిడ్ హార్మోను తయారగుటకు తోడ్పడు ఎంజైమునకే ఇనుము కావలయును గనుక, రక్తహీనత గ్రంథిని మరల బలహీనపరచును. ఒక లోపము మరియొక లోపమును పోషించు ఈ వలయమును ఏదో యొకచోట తెగగొట్టినంతమాత్రాన చాలదు. రెండు వైపులను చూడవలయును.

ఆహారమునకును ఈ గ్రంథికిని గల సంబంధమును దేశమునకు చాటిన వారిలో శ్రీకాకుళమున జన్మించిన వులిమిరి రామలింగస్వామి అగ్రగణ్యులు. 1956లో కాంగ్రా లోయయందు ఆరంభమైన పరిశోధనమున, ఉప్పులో అయొడిన్ చేర్చినచో గాయిటర్ అను గొంతు వాపు తగ్గునని వారును, వారి సహచరులును నిరూపించిరి. 1962లో జాతీయ గాయిటర్ నివారణ కార్యక్రమము వెలసినది. తినెడి వస్తువు గ్రంథిని నిలుపునను పాఠమును మన మట్లు నేర్చుకొంటిమి. గ్రంథి చెడినచో తిన్నదియు నిష్ఫలమగునను రెండవ పాఠమును ఇంకను నేర్వవలసియున్నది.

నేర్వకపోవుటవలన కలుగు అనర్థము ప్రతిదినము కన్నుల యెదుట నున్నది. ఉదయమున థైరాయిడ్ మాత్రను, వెనువెంటనే కాఫీని, ఆపై రక్తహీనతకై ఆసుపత్రిలో ఇచ్చిన ఇనుము మాత్రను, ఎముకలకై కాల్షియం మాత్రను ఒక్క విడతలో వేసికొను స్త్రీలెందరో గలరు. ఇనుము, కాల్షియం థైరాయిడ్ మాత్రలోని లీవోథైరాక్సిన్‌తో కలిసి దానిని ప్రేగులలో నింకనీయవు; కాఫీయు దానికి అడ్డు తగులును. థైరాయిడ్ మాత్రను పరగడుపున మంచినీళ్లతో వేసికొని, అరగంట మొదలు గంటవరకు ఆగి కాఫీ, పలహారము తీసికొనవలయును. ఇనుము, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల యెడముంచవలయును. ఈ మాట చెప్పుటకు నిమిషము పట్టదు. చెప్పకపోయినచో, గ్రంథి లోపమును తెలుపు రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ తగ్గలేదని మందు మోతాదును పెంచుచు పోవుటయే మిగులును.

మలబద్ధకముతో బాధపడు వారెల్లరు థైరాయిడ్ రోగులని నా భావము కాదు. కాని దీర్ఘకాలపు మలబద్ధకము, అలసట, ఇనుము మాత్రలకు లొంగని రక్తహీనత యొక్కచోట కనిపించినప్పుడు, ప్రాథమిక ఆరోగ్యకేంద్రముననే టీఎస్‌హెచ్ పరీక్ష జరుగునట్లు ప్రభుత్వము ఏర్పాటు చేయవలయును. థైరాయిడ్ మాత్ర సక్రమముగా వాడుచున్నను నీరసము తీరని వారికి హిమోగ్లోబిన్, ఇనుము నిల్వను తెలుపు ఫెర్రిటిన్, బి12 పరీక్షలు చేయించుట వైద్యుల విధి. రోగులును తమకు తామే విటమిను మాత్రలు కొని మ్రింగుట మాని, తాము వాడు మందులన్నిటిని వైద్యునకు చూపవలయును. ఇంటింటికి ఇనుము మాత్రలు చేర్చగలిగిన ఆరోగ్యవ్యవస్థకు, వానిని ఏ వేళ, ఏ మందునకు దూరముగా వేసికొనవలయునో చెప్పించుట అసాధ్యము కాదు. ఆ పని ఇప్పుడే ఆరంభము కావలయును.